దుమ్ము కోసం వెతికితే కౌలు కనబడింది

ఎమ్మే ఇంగ్లీషు రెండో సంవత్సరం పిల్లలకు నేను అమెరికన్ నవల చెబుతాను. పదకొండేళ్ళుగా జాన్ స్టైన్‌బెక్ రాసిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' చెప్పాను, పదకొండేళ్ళూ ఒకటే నోట్సు. చారిత్రక నేపథ్యం అన్న శీర్షిక కింద మొదటి వాక్యం ఇలా ఉండేది: "1930లలో ఓక్లహోమాలో వచ్చిన దుమ్ము తుఫానుల వల్ల పంటలు పోయి, బతుకుదెరువు కోసం రైతులు కాలిఫోర్నియాకు వలస వెళ్ళారు." పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో రాసేవారు, నేను మార్కులు వేసేదాన్ని.

రెండేళ్ళ కిందట ఈ వాక్యం చెప్పగానే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, దుమ్ము అందరి పొలాల మీదా పడింది కదా. మరి పొలం సొంతమైనవాళ్ళు ఎందుకు ఉండిపోయారు? దున్నేవాళ్ళే ఎందుకు వెళ్ళిపోయారు?"

నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం చెబుతానన్నాను. వాళ్ళ నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తారని ఆ తర్వాత తెలిసింది. మా నాన్న కూడా ఇరవై ఏళ్ళకు పైగా గుంటూరు జిల్లాలో పత్తి, మిర్చి కౌలు పొలంలోనే వేశారు. మా అమ్మ ఆ పత్తీ తీసింది, పక్కవాళ్ళ చేలల్లో కూలికీ తీసింది. ఆ ప్రశ్న ఆ అమ్మాయి కంటే ముందు నాకు రావలసింది.

వారం అనుకున్నది దాదాపు పద్నాలుగు నెలలు పట్టింది. ఒక నవల వెనక ఉన్న కాలాన్ని వెతకడం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఇలాంటి పని చేయాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట చేసినది చాలా చిన్న పని. పటం తెరిచాను. నవలలో కాలిఫోర్నియాకు వలస పోయే జోడ్ కుటుంబం ఊరు శాలిసా. ఓక్లహోమా రాష్ట్రానికి తూర్పు చివర, అర్కాన్సా సరిహద్దు దగ్గర ఉంటుంది. డస్ట్ బౌల్ అని పిలిచిన ప్రాంతం ఆ రాష్ట్రానికి పడమటి కొస. ఆ రాష్ట్రం పటంలో పిడి ఉన్న గిన్నెలా కనిపిస్తుంది. ఆ పిడి చివర ఉన్న సిమరాన్ కౌంటీ దుమ్ముకు నడిబొడ్డు. అక్కడి బాయిసీ సిటీకీ శాలిసాకూ మధ్య దూరం కొలిస్తే నాలుగు వందల మైళ్ళకు పైగా వచ్చింది. మనకు విజయవాడ నుంచి చెన్నపట్నం దాటి ఇంకా చాలా దూరం దక్షిణాదికి పోయినంత. పైగా శాలిసాలో ఏడాదికి పడే వాన ఆ పడమటి కొసలో పడేదానికి రెట్టింపుకు పైనే.

పదకొండేళ్ళలో ఒక్కసారైనా నేను పటం చూడలేదు. నవల మొదటి అధ్యాయంలోనే మొక్కజొన్న మీద దుమ్ము పేరుకుపోయే వర్ణన ఉంది. అంత అందంగా ఉన్న వర్ణన చదివాక ఎవరికీ అనుమానం రాదు. స్టైన్‌బెక్ అబద్ధం రాశాడని నేను అనడం లేదు. ఆ ఏళ్ళలో తూర్పు ఓక్లహోమాలోనూ కరువు ఉంది, పంటలు ఎండాయి. కానీ 1935 ఏప్రిల్ 14న, నల్ల ఆదివారం అని చెప్పుకునే ఆ రోజున, మధ్యాహ్నాన్ని అర్ధరాత్రి చేసిన తుఫాను వచ్చింది పడమటి మైదానాల మీదికి. 'డస్ట్ బౌల్' అన్న మాటను ఒక వార్తా సంస్థ విలేకరి తొలిసారి వాడింది ఆ మరుసటి రోజుల్లోనే. గోధుమకు మంచి ధర ఉన్న కాలంలో గడ్డి మైదానాలను ఎడాపెడా దున్నేయడం, తర్వాత వాన మొహం చాటేయడం, పట్టి ఉంచే గడ్డి వేళ్ళు లేక మట్టి గాలికి లేచిపోవడం: ఇది పడమటి కొస కథ, గోధుమ కథ. జోడ్‌లది తూర్పు కథ, పత్తి కథ. నేను రెంటినీ కలిపేసి చెప్పాను. నవల 1939లో సరిగ్గా ఏప్రిల్ 14నే విడుదలైంది. కాకతాళీయమే కావచ్చు. ఆ తేదీ చూసినప్పుడు మాత్రం దుమ్ము ఈ పుస్తకాన్ని మొదటి రోజు నుంచే అంటిపెట్టుకుందనిపించింది.

మరి దుమ్ము కాకపోతే ఏమిటి?

ఐదో అధ్యాయం మళ్ళీ చదివాను, ఈసారి పెన్సిలు పట్టుకుని. ఆ అధ్యాయంలో జోడ్‌లు కనిపించరు. కౌలుదారులు వాకిట్లో నిలబడి ఉంటారు, భూమి యజమానుల మనుషులు కార్లలో వస్తారు. ఇక కౌలు పద్ధతి నడవదు, ఒక్క ట్రాక్టరు పన్నెండు పద్నాలుగు కుటుంబాల పని చేస్తుందంటారు. తర్వాత ట్రాక్టరు వస్తుంది. తోలేవాడు ఎవరో కాదు, పొరుగింటి కుర్రవాడే. రోజుకు 3 డాలర్లు. నీ మూడు డాలర్ల కోసం పదిహేను ఇరవై కుటుంబాలు రోడ్డున పడుతున్నాయి కదా అని కౌలుదారు అడుగుతాడు. నా పిల్లల సంగతి నేను చూసుకోవాలి కదా అని వాడు జవాబిస్తాడు. ఆ అధ్యాయంలో దుమ్ము ప్రస్తావన లేకపోలేదు, కానీ మనుషుల్ని ఇంట్లోంచి లేపింది అది కాదు. ఇదంతా పదకొండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. నోట్సు ముందే రాసుకుని పుస్తకం తర్వాత చదివితే ఇలాగే జరుగుతుంది.

ఇక్కడి నుంచి లెక్కల్లోకి వెళ్ళాను. అమెరికా వ్యవసాయ జనగణన ప్రకారం 1935లో ఓక్లహోమాలో నూటికి 60కి పైగా కమతాలు కౌలుదారుల చేతిలో ఉన్నాయి. మామూలు కౌలుదారు సొంత కంచర గాడిదలతో, సొంత విత్తనంతో దున్ని ధాన్యంలో మూడో వంతు, పత్తిలో నాలుగో వంతు యజమానికి కొలిచేవాడు. ఏమీ లేనివాడు సగం ఇచ్చేవాడు. ఈ వాక్యం చదివేటప్పుడు నాకు ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు. మా ఊళ్ళో కట్టుబడి మక్తా కౌలు ఒక రకం, పంటలో పాలు పంచుకోవడం ఒక రకం. అమెరికా గురించి చదువుతున్నప్పుడు నా చదువు కంటే నా ఊరు ఎక్కువ సాయం చేసిన సందర్భం అదొక్కటే.

పత్తి ధర 1929లో పౌనుకు 16, 17 సెంట్లు. 1931కల్లా ఆరు సెంట్ల కిందికి పోయింది. దాన్ని నిలబెట్టడానికి 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. సాగు తగ్గిస్తే డబ్బు ఇస్తామన్నారు. ఆ వేసవిలో చేలో కాయ పట్టిన పత్తిని కోటి ఎకరాలకు పైగా దున్నించేశారు. తర్వాతి రెండేళ్ళకు భూమి యజమానులతో ఒప్పందం కుదుర్చుకున్నారు. సాగు తగ్గించినందుకు వచ్చే డబ్బులో అధిక భాగం యజమానిదే. కౌలుదారుకు దక్కేది కొద్ది. ఆ కౌలుదారునే తీసేసి దినకూలీగా పెట్టుకుంటే అదీ ఇవ్వనక్కరలేదు. మిగిలిన డబ్బుతో ట్రాక్టరు కొనవచ్చు.

కౌలుదారులను తీసేయకుండా చట్టంలో ఏమీ లేదా అని వెతికాను. ఉంది. 1934, 35 సంవత్సరాల పత్తి ఒప్పందంలో ఏడో పేరా. యజమాని తన కమతంలో మామూలుగా ఉండే కౌలుదారుల సంఖ్యను "వీలైనంత వరకు" నిలపాలి అని ఆ పేరా చెబుతుంది. ఇంగ్లీషులో అవి మూడు మాటలు. నేను వాటిని కాగితం మీద రాసుకుని కంప్యూటర్ పక్కన అతికించుకున్నాను, నెలల తరబడి అక్కడే ఉన్నాయి. ఆ మూడు మాటల అర్థం మీద వాషింగ్టన్‌లో పెద్ద గొడవే జరిగింది. సంఖ్య మాత్రమే కాదు, అదే మనుషుల్ని ఉంచాలని ఈ చట్టాన్ని అమలు చేసే శాఖలోని జెరోమ్ ఫ్రాంక్ న్యాయవాదుల బృందం వాదించింది. 1935 ఫిబ్రవరిలో ఆ న్యాయవాదుల ఉద్యోగాలే పోయాయి. అర్కాన్సాలో టైరోంజా అనే ఊళ్ళో తెల్ల, నల్ల కౌలుదారులు కలిసి 1934 జులైలోనే సంఘం కట్టుకున్నారు. వాళ్ళు కొట్లాడింది ఈ తొలగింపుల మీదే.

పిల్లలకు ఈ పేరా చెప్పినప్పుడు తరగతిలో పెద్దగా వివరించలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం వాళ్ళకు తెలుసు. కౌలు కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలనీ తెలుసు. ఆ సంతకం కోసం తిరిగిన ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళలో కొందరు. "వీలైనంత వరకు" అని పలకగానే ఒకరిద్దరు తలెత్తి చూశారు.

చదివినవాటికంటే ఈ విషయాన్ని నాకు గట్టిగా అర్థం చేయించింది ఒక ఫొటో. పునరావాస శాఖ, వ్యవసాయ భద్రతా శాఖల కోసం ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు 1935 నుంచి తీసిన దాదాపు 1,75,000 నలుపు తెలుపు నెగెటివ్‌లు అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. అందరూ ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. రాత్రి పన్నెండు దాకా చూసేదాన్ని. డొరోథియా లాంగ్ 1938 జూన్‌లో టెక్సస్‌లోని చిల్డ్రెస్ కౌంటీలో తీసిన ఫొటో ఒకటి ఉంది. చదునైన నేల, మధ్యలో ఒక చెక్క ఇల్లు. చెట్టు లేదు, దొడ్డి లేదు, కంచె లేదు. ట్రాక్టరు తీసిన చాళ్ళు కెమెరా ముందు మొదలై వంకర తిరిగి ఆ ఇంటి దాకా పోతాయి. యంత్ర సేద్యం కౌలుదారులను నేల నుంచి తొలగిస్తోందని కింద రాశారు. ఇంటికి మనిషి నడిచి వెళ్ళే దారి ఎక్కడుందా అని చాలాసేపు వెతికాను. లేదు. గాలి లేదు, దుమ్ము లేదు, ఆకాశం తేటగా ఉంది. ఆ ఇంటిని ఖాళీ చేయించింది ప్రకృతి కాదని చూడగానే తెలుస్తుంది.

లాంగ్ తీసిన మరో ఫొటో ప్రపంచమంతా ఎరుగుదురు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠాణీ కోసే కూలీల మకాంలో, ఇద్దరు పిల్లలు భుజాల మీద తలలు దాచుకోగా, చెంపకు చెయ్యి ఆనించి దూరంగా చూస్తున్న తల్లి. ఈ నవల గురించి ఎవరు మాట్లాడినా ఆ బొమ్మ పెడతారు, నేనూ పెట్టాను. ఆమె పేరు 1978 దాకా లోకానికి తెలియలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. చెరోకీ జాతి స్త్రీ. ఇప్పటి ఓక్లహోమాలో, అప్పటి చెరోకీ భూభాగంలో 1903లో పుట్టింది. కాలిఫోర్నియాకు వచ్చింది 1920లలో, దుమ్ము తుఫానులు మొదలవడానికి చాలా ముందు. దుమ్ము వలసకు గుర్తుగా మనం పెట్టుకున్న ముఖం దుమ్ము తరిమిన ముఖం కాదు.

ఆమె చెరోకీ అని తెలియడం నన్ను ఇంకో దారిలోకి తీసుకెళ్ళింది. శాలిసా ఉన్న కౌంటీ పేరు సెక్వోయా. ఎవరీ సెక్వోయా అని వెతికాను. చెరోకీ భాషకు 1821 నాటికి ఒంటరిగా లిపి తయారుచేసిన మనిషి. చదువురానివాడు, ఏ భాషా చదవలేనివాడు. ఇప్పుడు వాడుకలో 85 అక్షరాలు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్క అక్షరధ్వని: క, కె, కి అన్నట్టు. మన గుణింతాలు గుర్తొస్తాయి గానీ, మనలా హల్లుకు గుర్తులు చేర్చడం ఉండదు, ఒక్కో ధ్వనికి వేరే అక్షరమే. ఆయన 1829లో కట్టుకున్న కర్ర ఇల్లు ఇప్పటికీ శాలిసా దగ్గరే నిలిచి ఉంది. ఒక రోజంతా ఆ లిపి పట్టిక చూస్తూ కూర్చున్నాను. నవలతో దానికి సంబంధం లేదు, అయినా ఆ రోజు వృథా అయిందని అనుకోను.

సంబంధం ఉన్న సంగతి ఇంకొకటి. ఐదో అధ్యాయంలో కౌలుదారులు ఈ నేల మాది, మా తాత ఇండియన్లను చంపి తరిమి దీన్ని తీసుకున్నాడు అంటారు. శాలిసా విషయంలో చరిత్ర అలా లేదు. చెరోకీలనే తమ సొంత నేల నుంచి 1838, 39లలో సైన్యం తరిమి అక్కడికి తెచ్చింది. ఆ దారిలో దాదాపు నాలుగు వేల మంది చనిపోయారని చెబుతారు. తర్వాత 1898 చట్టంతో ఆ ఉమ్మడి నేలను ముక్కలుగా కోసి మనిషికి ఇంత అని పంచారు. 1907లో రాష్ట్రం వచ్చింది. మరుసటి ఏడే అమ్మకాల మీద ఉన్న ఆంక్షలు చాలావరకు ఎత్తేశారు. పత్రాల మీద సంతకాలు చేయించుకుని ఆ నేలలు కొనేశారు. తుపాకీ కంటే దస్తావేజే ఎక్కువ పని చేసింది. జోడ్‌ల కింద ఉన్న నేలకు ముందే ఇంకొక బేదఖలు ఉంది. నవలలో అది ఒక్క వాక్యం. స్టైన్‌బెక్ కాలిఫోర్నియాను చూసినంత దగ్గరగా ఓక్లహోమాను చూడలేదని నా అభిప్రాయం.

కాలిఫోర్నియా విషయంలో మాత్రం ఆయనను వేలెత్తి చూపడం కష్టం. ఆయన సలీనాస్‌లో 1902లో పుట్టాడు, అక్కడి పొలాలు ఎరిగినవాడు. 1936 వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్ పత్రిక కోరితే వలస కూలీల మకాంలు తిరిగి అక్టోబరులో ఏడు వ్యాసాలు రాశాడు. ఆ ప్రయాణంలోనే ఆర్విన్ దగ్గర ప్రభుత్వ మకాం నిర్వాహకుడు టామ్ కాలిన్స్ పరిచయమయ్యాడు. నవలను అంకితమిచ్చిన ఇద్దరిలో ఒకరు ఆయన: ఇది జీవించిన టామ్‌కు అని రాశాడు. రెండో మనిషి భార్య కారొల్. పుస్తకానికి ఆ పేరు సూచించింది ఆమే.

నవల వెనక ఉన్న మనుషుల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు కాలిన్స్. వారం వారం పైఅధికారులకు నివేదిక పంపేవాడు. మకాంలో ఎన్ని కుటుంబాలు, ఏ ఊరివాళ్ళు, ఏ చేలో ఎంత కూలి, ఎవరికి జబ్బు. అక్కడితో ఆగితే గుమాస్తా అయ్యేవాడు. మనుషులు ఏమన్నారో వాళ్ళ ఉచ్చారణ ప్రకారం రాశాడు, పాడిన పాటలు రాశాడు, వలసవారి తెలివిమాటలు అని ఒక భాగమే పెట్టాడు. ఆ నివేదికల్లో నాకు దొరికిన భాగాలు చదివి నవలలో వీడ్‌ప్యాచ్ మకాం అధ్యాయాలకు తిరిగొస్తే ఆ ఎన్నికైన కమిటీ, స్త్రీల సంఘం, శనివారం నాట్యం, నీళ్ళ మరుగుదొడ్డి చూసి బెదిరిన పిల్లలు అందరూ కొత్తగా కనిపించారు. వారెంటు లేకుండా పోలీసు లోపలికి రాకూడదన్న నియమం కథ కోసం పెట్టింది అనుకునేదాన్ని. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసులు 136 మందిని రాష్ట్ర సరిహద్దులకు పంపి డబ్బు లేనివాళ్ళను వెనక్కి తిప్పారని చదివాక ఆ నియమం విలువ తెలిసింది. నిరుపేదను రాష్ట్రంలోకి తీసుకురావడం నేరమన్న చట్టాన్ని సుప్రీంకోర్టు 1941లో గాని కొట్టేయలేదు.

వాళ్ళ గొంతులు కూడా విన్నాను. న్యూయార్క్ నుంచి చార్లెస్ టాడ్, రాబర్ట్ సాంకిన్ అనే ఇద్దరు 1940, 41 వేసవుల్లో రికార్డింగు యంత్రం వేసుకుని ఈ మకాంలకు వచ్చారు. పాటలు, కబుర్లు, కమిటీ సమావేశాలు గ్రామఫోను పళ్ళేల మీద నమోదు చేశారు. అవీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వినవచ్చు. బరబరమనే చప్పుడు వెనక నుంచి మనుషులు మాట్లాడతారు. నవలలోని యాసను నేను తరగతిలో ఎప్పుడూ తప్పుగానే చదివాను. నాకది మొరటుగా వినిపించేది. రికార్డులో విన్నది నెమ్మదైన, సాగదీసిన, మర్యాద ఉన్న మాట. అప్పటి నుంచి పుస్తకం చదివి వినిపించే ముందు పిల్లలకు ఒక రికార్డు పెడుతున్నాను. ఆర్విన్ మకాం వాళ్ళు నడుపుకున్న పత్రికకు 'టో సాక్ టాట్లర్' అని పేరు. గోతపు సంచి కబుర్లు అన్నమాట.

ఇంత ప్రేమగా రాసుకొస్తున్నాను గానీ, నన్ను బాధపెట్టినవీ ఉన్నాయి. ఒకటి సనోరా బాబ్ సంగతి. ఆమె దుమ్ము నేలలోనే పెరిగిన మనిషి. 1938లో కాలిన్స్‌తో కలిసి మకాంలలో పనిచేస్తూ వివరంగా నోట్సు రాసుకుంది. అవి కాలిన్స్ ద్వారా స్టైన్‌బెక్‌కు చేరాయి. ఆమె కూడా నవల రాస్తోంది, ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. ఈలోగా 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. అదే విషయం మీద ఇంకో పుస్తకానికి చోటు లేదని ఆమెది పక్కన పెట్టేశారు. 'హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్' అన్న ఆ నవల 2004లో గాని అచ్చు కాలేదు. అరవై ఐదేళ్ళు. మరుసటి ఏడు ఆమె కన్నుమూసింది. ఆ పేరు ఇళ్ళు ఖాళీ చేయించే నోటీసులో వాడే మాట: పేర్లు తెలియని వారు. ఇప్పుడు నా పాఠంలో రెండు నవలలూ పక్కపక్కనే ఉంటాయి. పాఠ్యప్రణాళికలో లేకపోయినా చెబుతాను.

రెండోది, నవలలో లేనివాళ్ళు. ఓకీలకు (ఓక్లహోమా వైపు నుంచి వలస వచ్చినవాళ్ళను అలా పిలిచేవారు) ముందు ఆ చేలల్లో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, మెక్సికో మనుషులు వంగి పనిచేశారు. 1930ల మొదట్లో మెక్సికన్లను లక్షల సంఖ్యలో పంపించేశారు, అందులో అమెరికాలో పుట్టిన పౌరులూ ఉన్నారు. ఖాళీ అయిన ఆ చాళ్ళలోకే జోడ్‌లు వచ్చారు. ఈసారి వచ్చినవాళ్ళు తెల్ల అమెరికన్లు కాబట్టి పాత పద్ధతిలో అణచడం కుదరదని స్టైన్‌బెక్ 1936 వ్యాసాల్లో వాదించాడు. ఆ వాక్యాలు చదివినప్పుడు మనసు చివుక్కుమంది. అదే కాలిఫోర్నియాలో, మేరీస్‌విల్‌లో కాలిన్స్ తొలి మకాం పెట్టిన చోటికి నది అవతలే యూబా సిటీ చుట్టుపక్కల పంజాబీ రైతులున్నారు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనరాదని 1913లో, కౌలుకు కూడా తీసుకోరాదని 1920లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని 1923లో భగత్ సింగ్ థిండ్ అనే వలసదారు కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మనవాళ్ళు దాని కిందికి వచ్చారు. ఒక చోట కౌలుదారును తీసేస్తున్న కాలంలోనే ఇంకో చోట కౌలు చేయడమే నేరం.

అచ్చయ్యాక జరిగిన గొడవ అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. జోడ్‌లు చేరిన కెర్న్ కౌంటీయే 1939 ఆగస్టులో ఈ పుస్తకాన్ని గ్రంథాలయాల నుంచి, బడుల నుంచి నిషేధించింది. అక్కడి గ్రంథాలయాధికారి గ్రెచెన్ నీఫ్ ఉద్యోగం పణంగా పెట్టి నిరసన లేఖ రాసింది. నిషేధం ఎత్తేయడానికి 1941 జనవరి దాకా పట్టింది. నచ్చనివాళ్ళు ఇది అతిశయోక్తి అన్నారు. అతిశయోక్తి ఎంతో తెలుసుకోవడానికి చివరి అధ్యాయాల్లోని వరదను వెతికాను. 1938 ఫిబ్రవరిలో వైసేలియా దగ్గర వరదలో చిక్కుకున్న కుటుంబాలకు అన్నం, మందులు అందించడానికి స్టైన్‌బెక్, కాలిన్స్ బురదలో తిరిగారు. ఆకలితో చనిపోతున్న పిల్లలను చూసి వచ్చాక, మే చివర మొదలుపెట్టి అక్టోబరు చివరికల్లా ఐదు నెలల్లో నవల పూర్తి చేశాడు. ఆ వేగానికి కారణం అక్కడుంది.

నా నోట్సులో ఆ మొదటి వాక్యం కొట్టేశాను. ఇప్పుడు నేపథ్యం శీర్షిక కింద ఆ అమ్మాయి ప్రశ్న ఉంది, దాని కింద చిల్డ్రెస్ కౌంటీ ఫొటో ఉంది. ఆమెకు ఆ ఫొటో అచ్చు తీసి ఇచ్చాను. కాసేపు చూసి, "కళ్ళం కూడా ఉంచలేదు మేడమ్," అంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఇరవై ఏడో అధ్యాయం అమ్మకు తెలుగులో చెప్పుకుంటూ చదివాను. పత్తి తీత అధ్యాయం అది. సంచి లేనివాడికి సంచి ఇస్తారు, డాలరు ఖరీదు, కూలిలో పట్టుకుంటారు. మొదటి తీతకు నూరు పౌన్లకు 80 సెంట్లు, అంటే మన లెక్కన నలభై ఐదు కిలోలకు. తక్కెడ దగ్గర కాటా వేసేవాడికీ తీసినవాళ్ళకూ రోజూ గొడవ. కాటా మోసమని వీళ్ళు సంచిలో రాళ్ళు వేస్తారు, రాళ్ళున్నాయని వాడు బరువు తగ్గించి రాస్తాడు.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది. రాళ్ళ దగ్గరికి రాగానే చెయ్యి ఆపింది.

"రాళ్ళా? రాయి దొరికిపోతుంది కదమ్మా. మేము తెల్లవారుజామున మంచులో తీసేవాళ్ళం. మంచు లేని రోజున చెంబెడు నీళ్ళు చిలకరించేవాళ్ళం. కాటా అయిపోయాక అదే ఆరిపోతుంది."